బొడ్డు జారిందనుకున్న నొప్పి

కందిచేలో కోత కోస్తుండగా బొడ్డు చుట్టూ మెలిపెట్టినట్టు నొప్పి మొదలైంది. ఎనభైల మొదట్లో మాట. జహీరాబాద్ దగ్గర మొగుడంపల్లికి నేను కాపురానికి వచ్చిన కొత్త. పొద్దున తిన్న జొన్నరొట్టె అరగలేదనుకున్నాను. మధ్యాహ్నానికి వాంతులు పట్టుకున్నాయి. కొడవలి గట్టు మీద పడేసి ఇంటికి వచ్చేశాను.

మా అత్తమ్మ చేతికి మంచి పేరుండేది. బరువెత్తి బొడ్డు జారిందంటే కోహీర్ నుంచి కూడా ఆమె దగ్గరికే వచ్చేవాళ్ళు. నూనె రాసి, కడుపు రుద్ది సరిచేసేది. నన్నూ పడుకోబెట్టింది.

"బొడ్డు జారింది బిడ్డా, ఫికర్ చేయకు" అని రుద్దింది. ఆముదం తాగించింది.

మర్నాటికి నొప్పి కుడివైపు కిందికి దిగింది. ఒళ్ళు కాలిపోతోంది, నిటారుగా నిలబడలేను. ఆమె మళ్ళీ నూనె గిన్నె తెచ్చింది. ఎన్నడూ ఎదురు మాట్లాడని నేను "ఇంక చెయ్యి పెట్టకు అత్తమ్మా, సచ్చిపోత!" అని అరిచాను. ఆ అరుపుకు ఇప్పటికీ నన్ను నేనే మెచ్చుకుంటాను.

ఎడ్లబండిలో జహీరాబాద్ దవాఖానకు తీసుకెళ్ళారు. గుంత వచ్చినప్పుడల్లా ప్రాణం పోయి వచ్చేది. డాక్టరు కుడివైపు మెల్లగా నొక్కి, చటుక్కున చెయ్యి తీశాడు. నొక్కినప్పటికంటే తీసినప్పుడే కేక పెట్టాను.

"అపెండిసైటిస్ లెక్కుంది. డ్రిప్ పెట్టి పొద్దున దాక చూద్దాం. ఇంట్ల మందు గిట్ల ఇచ్చిన్రా? కడుపు రుద్దిన్రా?"

"ఏం చేయలే సార్" అన్నారు మావారు. వార్డు నిండా మా వైపు జనమే. తల్లి పేరు పోతుందని ఆయన భయం.

అత్తమ్మ ముందుకొచ్చింది. "ఎందుకు దాస్తవ్‌రా? పిల్ల పానం పోతది. సారూ, నేనే రుద్దిన. ఆముదం గూడ నేనే తాపిన."

డాక్టరు ముఖం మారిపోయింది. "గట్లయితే ఆ రుద్దుడుకు, ఆముదానికి లోపల పగిలి ఉండొచ్చు. ఇంక ఆగొద్దు, ఆపరేషన్ ఇప్పుడే" అన్నాడు.

నిజంగానే అపెండిక్స్ పగిలి ఉంది. పొద్దుటిదాకా ఆగితే దక్కేదాన్ని కాదని డాక్టరు తర్వాత చెప్పాడు. కుట్ల దగ్గర చీము పట్టి జ్వరం తిరగబెట్టడంతో చాలా రోజులు అక్కడే ఉండాల్సి వచ్చింది. అత్తమ్మే దగ్గరుండి గంజి తాగించేది.

పక్క మంచం ఆమె ఒకసారి మూతి విరిచి "కోడలి కడుపు రుద్దింది నువ్వేనా?" అంది.

"నేనే. సారుకు చెప్పింది గూడ నేనే" అంది అత్తమ్మ, చెంచా ఆపకుండా. నాకెంత గర్వంగా అనిపించిందో!

తర్వాత కూడా జనం వచ్చేవాళ్ళు. జ్వరం, వాంతులు ఉన్నాయంటే మాత్రం ఆమె ముట్టుకునేది కాదు, దవాఖానకు బస్సెక్కించేది.

ఇప్పుడు నేను నానమ్మను. బరువులు మోస్తాను, పొలం చూసుకుంటాను. అందరికీ ఒక్కటే చెబుతాను. ఇంట్లో ఏ వైద్యం చేశారో డాక్టరు దగ్గర దాచకండి. తిడితే తిట్టనివ్వండి. నన్ను కోసి బతికించింది డాక్టరే, కానీ ఆలస్యం కాకుండా కోయించింది మా అత్తమ్మ.