స్వప్న అన్న ‘కాదు సార్’

2019లో నేను నల్లగొండలో ఒక డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేవాణ్ని. మా దగ్గర చదివి, ఆ తర్వాత ఎమ్మెస్సీ చేసి, జేఆర్‌ఎఫ్ తెచ్చుకున్న స్వప్న ఒకరోజు తండ్రి యాదయ్యను వెంటబెట్టుకుని స్టాఫ్‌రూముకు వచ్చింది. జేఆర్‌ఎఫ్ అంటే పరిశోధనకు ఇచ్చే ఫెలోషిప్. గడువులోగా ఎక్కడైనా పీహెచ్‌డీ సీటు దొరక్కపోతే అది చెల్లదు. ఆ గడువు దగ్గరపడింది. రెండు ఇంటర్వ్యూలు పోయాయి. మిగిలింది హైదరాబాదులో ఒక్కటే.

“వాళ్లేం అడిగారు?” అన్నాను.

“ఏం మీద పరిశోధన చేస్తవని అడిగిన్రు సార్.”

“నువ్వేమన్నావు?”

“మీరేది ఇస్తే అది చేస్త అన్న.”

యాదయ్య మెచ్చుకోలుగా తలూపాడు. మా వైపు పెద్దల ముందు నోరెత్తని పిల్లే మంచి పిల్ల. ఇంటర్వ్యూలో మాత్రం ఆ పిల్లనే సొంత ఆలోచన లేదని పక్కన పెడతారు.

స్వప్నది ఫ్లోరైడ్ నీళ్ల పల్లె. ఆమెను మాట్లాడించాలని, తప్పని తెలిసే ఒక మాట అన్నాను. “ఫ్లోరైడ్‌ను పట్టుకునే అల్యూమినా ఫిల్టర్లు ఉన్నాయి కదా. ఏ నీళ్లకైనా ఒకేలా పనిచేస్తాయి. ఇంకా పరిశోధనెందుకు?”

తలూపింది.

“నిజమేనా?”

నేలచూపులు చూసింది. “మీకు తెల్వదా సార్.”

“తెలియదనుకో, చెప్పు.”

“కాదు సార్. ల్యాబ్‌ల మంచినీళ్లల్ల ఫ్లోరైడ్ కలిపి చూస్తే బాగనే పట్టుకుంటది. మా బోరు నీళ్లల్ల బైకార్బనేట్ ఎక్కువ. గా బైకార్బనేటే అడ్డంపడి అల్యూమినా జల్ది పనికిరాకుండ పోతది. మా ఊరి ఫిల్టర్ గట్లనే మూలకు పడ్డది. బైకార్బనేట్‌కు లొంగనిది ఒకటి తయారుచెయ్యాల్నని నాకు ఎప్పటిసందో ఉన్నది.”

ఇక ఆగలేదు. నా చాయ్ చల్లారిపోయింది. సంతోషం, కోపం రెండూ కలిగాయి నాకు.

“ఇదంతా అక్కడెందుకు చెప్పలేదు?”

“వాళ్లు పెద్దసార్లు గద.”

“అయితే ఏం? హైదరాబాదులో ఏదైనా తప్పనిపిస్తే ఇట్లాగే ‘కాదు సార్’ అను.”

యాదయ్య కలగజేసుకున్నాడు. “జర ఆలోచించున్రి సార్. ఎదురు మాట్లాడితె సీటు పోతది.”

“లేని సీటు ఎట్లా పోతుంది యాదయ్యా?” అన్నాను. ఆయన నవ్వలేదు.

ఇంటర్వ్యూ నాటి సాయంత్రం ఫోన్ చేసింది. “సార్, గాడ పెద్దసారు చెప్పిందాంట్ల ఒకటి తప్పనిపించింది. కాదు సార్ అన్న. అందరు నన్నే చూసిన్రు. నాయిన నాతోని మాట్లాడ్తలేడు.”

ఫలితం వచ్చేదాకా నాకు అన్నం సహించలేదు. పరాయి పిల్ల బతుకుతో ఆటలాడానేమో అనిపించింది. చివరికి సీటు వచ్చింది. ఆమెకు గైడుగా ఉంటానని ముందుకొచ్చింది ఆ పెద్దసారే.

నిరుడు డాక్టర్ స్వప్న మా కాలేజీలో మాట్లాడడానికి వచ్చింది. “మా కాలేజీ నుంచి మొదటి పీహెచ్‌డీ” అని గొప్పగా పరిచయం చేశాను. ఆమె మైకు అందుకుంది. “కాదు సార్. నాకంటె ముందు మా సీనియర్ లక్ష్మక్క చేసింది. మీరే పాఠం చెప్పిన్రు, మరిచిపోయినట్టున్నరు.”

పిల్లలంతా నవ్వారు. ముందు వరసలో యాదయ్య తల పట్టుకున్నాడు.

తలూపడాన్నే గౌరవం అనుకుని ఎన్నో ఏళ్లు మురిసిపోయాను. ఇప్పుడు నేను చెప్పినదానికి క్లాసంతా తలూపితే నాకు భయమేస్తుంది.