ముందు చేరే ఊరు

మదనపల్లె టమోటా మండీలో కంప్యూటరు పని నవనీతది. ఆమె భర్త మధుసూదన్ అక్కడే వేలం పాట నడిపేవాడు. గొంతెత్తాడంటే మండీ మొత్తం సద్దుమణగాల్సిందే. అలాంటి మనిషి పోయిన ఏడాది గుండె ఆగి చనిపోయాడు. మిగిలింది పాత ఫోను పూర్తిగా పాడయ్యేలోపు అందులోంచి తీసి దాచుకున్న ఒకే ఒక్క రికార్డింగు. పుంగనూరులో ఉండే అత్త రంగనాయకమ్మ ఎప్పుడు ఫోను చేసినా ఒకటే మాట.

"వాని గొంతు ఒగసారి వినిపీమ్మా. నాకింకేం వద్దు."

ఆమె ఎప్పుడంటే అప్పుడు వినేలా, మీట నొక్కితే పలికే చిన్న పాటల పెట్టె ఒకటి కొంది నవనీత. అందులో ఆ ఫైలు పలకలేదు. దాన్ని మార్చడానికి సొంతంగా ఒక స్క్రిప్టు, అంటే చిన్న ప్రోగ్రాము, రాసుకుంది. రెండు ఫైళ్ల పేర్లు ఇస్తే మొదటిదాన్ని చదివి, రెండోదాని మీద రాస్తుంది. రెండోది ముందే ఉంటే 'చెరిపేయనా?' అని అడుగుతుంది. మైనస్ ఎఫ్ అని చేరిస్తే అదీ అడగదు. ముందుగా మండీ గోలను రికార్డు చేసి, 'అత్తకు' అన్న పేరుతో మార్చి, పెట్టెలో వేసి చూసింది. చక్కగా పలికింది. ఇక అసలుది అదే పేరు మీద రాయాలి కదా అని మైనస్ ఎఫ్ పెట్టింది.

ఆ మండీలో క్రేట్లకు కట్టే చీటీ మీద సరుకు చేరే ఊరు ముందు రాస్తారు, పంపే రైతు పేరు తర్వాత. ఎవడు పెట్టిన పద్ధతో గానీ, ఏళ్ల తరబడి రాసి రాసి ఆమె చేతికి అదే అలవాటైంది. 'అత్తకు' ముందు కొట్టింది, మధుసూదన్ ఫైలు తర్వాత. స్క్రిప్టు మండీ గోలను తీసుకెళ్లి మధుసూదన్ గొంతు మీద రాసేసింది. ఒక్క మాటైనా అడగలేదు. అడగొద్దన్నది తనే కదా! ఆ మనిషి రెండోసారి పోయినట్టు కుర్చీలోనే కూలబడి ఏడ్చింది.

నిజం ఎదురుగా చెప్పాలని పుంగనూరు బస్సెక్కింది. దారంతా మాటలు కూర్చుకుంది. తీరా వెళ్లాక రంగనాయకమ్మ ఆమెను నోరు తెరవనిస్తేనా? సంచిలోంచి పెట్టె లాక్కుని, మీట నొక్కి, చెవికి ఆనించుకుంది. క్రేట్లు దించే చప్పుడు, లారీల హారన్లు.

"మండీ సద్దు వినిపిస్తాండాది. వాడు యాడుండాడమ్మా?"

"లేడత్తా. నేనే సెరిపేసినాను. సూసుకోకుండా నా సేతులారా సెరిపేసినాను."

రంగనాయకమ్మ పెట్టెను చెవి నుంచి తీయలేదు.

"ఉండమ్మా," అంది. "ఇంకా అయిపోలేదు. ఎనక యాడన్నా ఉంటాడేమో."