పిన్నమ్మ మెడ, నా ఎడమకాలు

నా చిన్నప్పుడు నా మొహానికి లేని గౌరవం నా ఎడమకాలికి ఉండేది. అందరూ తల ముందు పెట్టి పుడితే నేను కాళ్ళు ముందు పెట్టి పుట్టాను. అట్లా ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళు కాలితో తాకితే మెడపట్టు, నడుంపట్టు వదులుతాయని హోసూరు దగ్గర మా కెలమంగలం చుట్టుపక్కల అందరికీ గట్టి నమ్మకం. తెల్లవారితే ఎవరో ఒకరు మెడ ఒక పక్కకు వాల్చుకుని మా వాకిట్లో నిలబడి ఉండేవారు. వాళ్ళు బోర్లా పడుకుంటే నేను మెడ మీద ఎడమకాలు ఆనించాలి. ఆ తరువాత, పెద్దవాళ్ళను తన్నిన పాపం పోవడానికి వాళ్ళ కాళ్ళకు మొక్కాలి. డాక్టరే రోగి కాళ్ళు మొక్కే ఆసుపత్రి బహుశా మాదొక్కటే.

మా ఇంట్లో పట్టుపురుగులు పెంచేవారు. పురుగుల ఇల్లు మా పిన్నమ్మది, అంటే చిన్నాయన భార్యది. కూరలో ఉప్పు ఎంత వేయాలో కూడా అవ్వను అడిగి వేసే మనిషి, ఆ గదిలోకి అడుగుపెడితే మాత్రం అవ్వనే కాళ్ళు కడుక్కుని రమ్మనేది. ఇంటి మొత్తంలో ఆమె మాట చెల్లే చోటు అదొక్కటే. అంతకు ముందు పురుగుల పంట జబ్బు తగిలి పోయింది. ఈసారి కూడా పోతే మల్బరీ పీకేసి టమాటా పెడతానని చిన్నాయన చెప్పేశాడు. ఆయన దృష్టిలో అది వ్యవసాయం. పిన్నమ్మకు ఆ గది పోవడం.

పురుగు తిండి మాని, కదలకుండా పడుకుని, చర్మం విడిచే సమయాన్ని మా వైపు జ్వరం అంటారు. నాలుగో జ్వరం నుంచి లేచిన పురుగు గూడు కట్టేదాకా తింటూనే ఉంటుంది. ఆ రోజుల్లో మా ఇంట్లో ఎవరూ కుదురుగా కూర్చుని అన్నం తినేవారు కాదు. అందరికంటే ఎక్కువ పరుగు పిన్నమ్మది. తోటలో ఆకు కోసి, మూట నెత్తిన పెట్టుకుని వచ్చి, పురుగులున్న పై వరుస తట్టలకు మెడ ఎత్తి, కింది వరుస తట్టలకు మెడ వంచి ఆకు వేసేది. కాస్త కునుకు తీయాలన్నా ఆ గది గుమ్మం దగ్గరే, మడిచిన గోనెసంచుల మీద తల పెట్టి పడుకునేది. ఆ దొంతర ఎంత ఎత్తంటే, ఆమె పడుకుందో కూర్చుందో దూరం నుంచి తెలిసేది కాదు.

ఒకరోజు పొద్దున్నే ఆమె మెడ పట్టేసింది. వెనక నుంచి పిలిస్తే తల తిరగదు, మలుపులో బస్సు తిరిగినట్టు మనిషి మొత్తం తిరగాలి. నేను నవ్వాను. ఆమె కూడా నవ్వబోయి, నొప్పి పుట్టి ఆపేసింది.

నొప్పికి తైలం రాసుకుందామంటే కుదరదు. ఘాటు వాసన పురుగులకు పడదు. మెడ పట్టేస్తే దిండును ఎండలో పెట్టాలని అవ్వ ఒక దిండు తెచ్చి వాకిట్లో పెట్టింది. పిన్నమ్మ అసలు దిండు మీద పడుకోవడమే లేదని ఎవరికీ గుర్తు రాలేదు. దిండు హాయిగా ఎండ కాచుకుంది, పిన్నమ్మ ఆకుకు పోయింది.

"మెడే గదా, అదే పోతాదిలే. ఆకు టయానికి పడల్ల, అంతే," అన్నాడు చిన్నాయన, ఎవరి మెడ గురించి చెబుతున్నాడో ఆమె వైపు చూడకుండానే.

మధ్యాహ్నం దారిలో ఆమె నెత్తి మీది మూట జారి పడింది. ఆకంతా దుమ్ములో కలిసింది. దుమ్ము పడిన ఆకు వేస్తే పురుగు చస్తుంది, వేయకపోతే ఆకలితో నీరసిస్తుంది. తట్టల నిండా పురుగులు తలలెత్తి అటూ ఇటూ వెతుకుతున్నాయి. ఆ పూట ఇంట్లో మెడ బాగా తిరిగింది వాటికే.

అప్పుడు అవ్వకు నా కాలు గుర్తొచ్చింది.

పిన్నమ్మ చాప మీద బోర్లా పడుకుంది. "మెల్లిగా పాపా, ఊరికే ఆనించు," అంది నాకు మాత్రమే వినబడేట్టు. ఆనించాను, మొక్కాను. ఆమె వెంటనే లేవలేదు. కాసేపటికి గొంతు పెంచి అడిగింది.

"అత్తా, కాలు తగిలినంక మూడో దినం దాకా నెత్తిన బరువు పెట్టకూడదు గదా?"

"అట్లంటారా? నేను వినల్యే," అంది అవ్వ.

"పాపనే అడుగు. చేసేది అది గదా."

పిన్నమ్మ నా వైపు చూసింది. మెడ రాదు కాబట్టి కళ్ళు మాత్రమే వచ్చాయి. అట్లాంటి నియమం ఉందని నాకూ అప్పుడే తెలిసింది.

"అవును. మెడ ఎత్తి పైకి చూడనూ కూడదు," అన్నాను. ఎందుకైనా మంచిదని, "ఎత్తు మీద తల పెట్టి పండుకోనూ కూడదు," అని కూడా కలిపాను.

"ఇన్ని దినాలు ఎవురికీ చెప్పల్యేమ్మా నువ్వు?" అన్నాడు చిన్నాయన.

"ఎవురూ అడగల్యా."

ఆ సాయంత్రం చిన్నాయనే ఆకుకు పోయాడు. పై తట్టలకు పిన్నమ్మ పీట వేసుకుని ఎక్కి, మెడ ఎత్తకుండా ఆకు వేసింది. కింది తట్టలు సరిగ్గా నా ఎత్తుకు ఉండేవి, వాటికి నేను వేశాను. అవ్వ ఉప్పు వేయించి గుడ్డలో మూట కట్టి కాపడం పెట్టింది, ఉప్పుకు వాసన లేదు కాబట్టి పురుగులకు అభ్యంతరం లేదు. గోనెసంచుల దొంతర పోయి, మడిచిన దుప్పటి ఒకటి తల కిందికి వచ్చింది. నొప్పి కాస్త తగ్గాక ఆమె బస్సు కోసం చూసినట్టు ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు మెల్లిగా మెడ తిప్పుతూ ఉండేది.

ఆ నియమం ఎవరు చెప్పారని నేను అడిగాను. పిన్నమ్మ ఆకు వేస్తూనే చెప్పింది. "నొస్తా ఉందంటే ఓర్చుకోమంటారు పాపా. కూడదంట అంటే ఎవురూ మాట్లాడరు."

మరునాటికి చిన్నాయన మెడ మీద చెయ్యి పెట్టుకుని వచ్చాడు. "ఆ కాలు ఒకసారి ఇట్ల పెట్టమ్మా," అన్నాడు గొంతు తగ్గించి. పెట్టాను. మూడో దినం దాకా మోయకూడదని ఆయనకూ చెప్పాను. ఇక మోసేవారు లేరు. ఆ పూట నుంచి ఆకు మోపెడ్ వెనక ఎక్కి వచ్చింది. ఆ మోపెడ్ మా వాకిట్లో ఎప్పటినుంచో ఉన్నదే. మూట ఆయన నెత్తికెక్కేదాకా దానికి వెనక క్యారియర్ ఉందని ఎవరికీ కనబడలేదు.

పురుగులు గూళ్ళు కట్టాయి. మల్బరీ ఉండిపోయింది, గదీ ఉండిపోయింది. పిన్నమ్మ మెడ మాత్రం నెమ్మదిగా, తనకు తోచినప్పుడు తగ్గింది. పేరంతా నా కాలికే వచ్చింది. ఆ తరువాత నేను ఎవరికీ ఒట్టి కాలు ఆనించలేదు, పథ్యం కూడా చెప్పేదాన్ని. దర్జీ మామ మధ్యమధ్య మిషను వదిలి లేచి నడవకపోతే కాలు పనిచేయదన్నాను. చెయ్యి తిమ్మిరెక్కుతోందన్న ఒకాయనను మాత్రం డాక్టరు దగ్గరికి పొమ్మన్నాను. నా కాలికి దాని హద్దులు తెలుసు.

ఇప్పుడు హోసూరులో నాదీ కంప్యూటరు ముందు తల వంచుకునే ఉద్యోగమే. కాలికి పని లేదు. కానీ ఇంట్లో ఎవరైనా మాట్లాడుతూ మాట్లాడుతూ మెడ మీద చెయ్యి వేసుకుంటే, ఎంత నొప్పి అని అడగను. వాళ్ళ చేతిలో ఏముందో అది ముందు తీసుకుంటాను. ఇవ్వమంటారు, ఇంకా పని ఉందంటారు. కూడదంట అంటాను.