అమ్మకు రాయి, ఆసామి తెచ్చిన అరటి దవ్వ

ఈ రోజు అమ్మను బందరులో డాక్టరు గారికి చూపించాను. కిడ్నీలో రాళ్లన్నీ ఒకే రకం కావట. కాల్షియంతో ఏర్పడేవి, యూరిక్ యాసిడ్‌తో ఏర్పడేవి, ఇన్ఫెక్షన్ వల్ల పెరిగేవి వేరువేరట. అమ్మది ఇన్ఫెక్షన్ రాయిలా ఉందన్నారు.

"నీళ్లు సరిగ్గా తాగుతున్నావా అమ్మా? మూత్రం ఆపుకుంటావా?" అని అడిగారు.

అమ్మ తల దించుకుంది. "నాట్లకెళ్తే సాయంత్రం దాకా చుక్క తాగనండి. చేలో మరుగెక్కడుందండీ? గట్టు మీద మగాళ్లుంటారు."

ఇన్నేళ్లలో ఈ మాట నాతో అనలేదు. నేనూ అడగలేదు.

అవనిగడ్డలో బస్సు దిగి ఇంటికి వచ్చేసరికి, అమ్మ నాట్లు వేసే పొలం ఆసామి అరటి బోదె లోపలి దవ్వతో గుమ్మంలో ఉన్నారు.

"రసం తీసి తాగించమ్మాయ్. రాయి ఇట్టే కరిగిపోద్ది."

"దవ్వ సరేనండీ. గట్టు పక్కన నాలుగు తడికలు కట్టించండి, ఆడవాళ్లకి" అన్నాను.

ఆయన నవ్వారు. "పది రోజుల నాట్లకి మరుగుదొడ్డా? చదువుకున్నాక పెద్ద పెద్ద కోరికలొచ్చాయే నీకు!"

వచ్చాయి. నాలుగు తాటాకు తడికలంత పెద్ద కోరిక.

మీ పొలంలో నాట్లేసే ఆడవాళ్లు ఎక్కడికి వెళ్తారో మీకు తెలుసా? తెలియకపోతే రేపు అడిగి వచ్చి ఇక్కడ రాయండి. అరటి దవ్వ గుణాలు మాత్రం నాకు చెప్పకండి.