బాన్సువాడ ఇనుప చెయ్యి, హైదరాబాదు ప్రయాణం

చేతులిచ్చి, ఆ చేతులకు పనిచ్చి, పనిలో ఇంత తెలివినీ ఇచ్చిన దేవునికి స్తోత్రం. అరణ్యంలో తనకు గుడారం కావలసి వచ్చినప్పుడు ఆయన ఇత్తడి కరిగించేవాళ్లనూ, మాను చెక్కేవాళ్లనూ, బట్ట నేసేవాళ్లనూ పిలిచి వాళ్లను జ్ఞానంతో నింపాడు. ఈ మాట సండే స్కూలు పిల్లలకు ఏటా చెప్తాను. ఈ ఏడు మా ఇంట్లోనే కళ్లారా చూశాను. ఆయనకే మహిమ.

నేను బాన్సువాడలో అంగన్‌వాడీ టీచరును. నా తమ్ముడు జయరాజ్ డిప్లొమా చదివి, చాలా ఏళ్లు బాలానగర్ వర్క్‌షాపుల్లో విమానాల భాగాలు కోసే యంత్రాల మీద పనిచేశాడు. భార్య సునీత, పిల్లలు బాన్సువాడలో, అతను అక్కడ ఒక గదిలో. చివరికి అది వద్దనుకుని వచ్చి బోధన్ రోడ్డులో లేత్ షాపు పెట్టాడు. హార్వెస్టర్ల షాఫ్టులు, చెరుకు గానుగల పళ్ల చక్రాలు బాగుచేస్తూ, ఖాళీ దొరికినప్పుడల్లా ఒక చెయ్యి తయారుచేశాడు.

చెయ్యి అంటే మనిషి చెయ్యి కాదు. ఫ్యాక్టరీల్లో రోబోలు ఉంటాయి కదా, వాటి చివర బిగించేది. సైన్యానికి వెళ్లే డ్రోన్లలో, విమానాల్లో కొన్ని రింగులు అప్పడమంత పలచగా ఉంటాయట. రోబో గట్టిగా పట్టుకుంటే సొట్ట పడుతుంది, వదులుగా పట్టుకుంటే కింద పడుతుంది. జయరాజ్ చేసిన చేతికి మూడు వేళ్లు. మూడింటినీ ఒకే తీగ లాగుతుంది కాబట్టి ఏ వేలూ రెండోదాని కంటే ఎక్కువ నొక్కదు. కరెంటు పోయి తీగ సడలినా లోపల ఒక చిన్న చీల పడి, పట్టిన వస్తువును వదలనివ్వదు.

హైదరాబాదు శివార్లలో విమాన భాగాలు చేసే ఒక కంపెనీ వాళ్లు, ముందు పేటెంటుకు దరఖాస్తు పెట్టుకుని తర్వాత తెమ్మన్నారు. అది లేకుండా తాము చెయ్యిని చూసేది లేదని ఖండితంగా చెప్పారు. వాళ్లకు నచ్చితే జయరాజ్ బాన్సువాడలోనే ఉండి ఈ చేతులు చేయవచ్చు. నచ్చకపోతే షాపు మూసి మళ్లీ బాలానగర్ గదికి పోవాలి. అలాగైతే వస్తానని అక్కడి పాత యజమానికి మాట కూడా ఇచ్చేశాడు. సునీత ఆ సంగతి మాట్లాడటమే మానేసింది. ఎప్పుడూ ప్రార్థనే చేస్తోంది.

నేనెందుకు బయలుదేరానంటే, జయరాజ్ మాట్లాడడు. ఏదడిగినా నవ్వుతాడు. ఆఫీసుల్లో నవ్వులతో పనులు కావు.

ఉదయం ఆరున్నరకు బాన్సువాడ బస్టాండులో మెదక్ మీదుగా వెళ్లే ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. ఆడవాళ్లకు ఉచితం కాబట్టి నాకు ఆధార్ చూపిస్తే జీరో టికెట్టు. జయరాజ్ టికెట్టు మూడొందల లోపే. చెయ్యిని పాత తువ్వాలలో చుట్టి, రేకు డబ్బాలో పెట్టి, డబ్బాను ఒళ్లో పెట్టుకున్నాం. దరఖాస్తు పడేదాకా ఎవరికీ చూపొద్దు, ఎలా పనిచేస్తుందో చెప్పొద్దు అని పేటెంటు ఏజెంటు మేడం ఫోన్లో హెచ్చరించి ఉంది.

నా పక్కన పెద్ద కొడప్‌గల్ దగ్గరి తండా నుంచి వచ్చిన ఒకామె కూర్చుంది. నర్సాపూర్‌లో కూతురి కాన్పు చూడబోతోంది. ఊరు దాటక ముందే ఆమె కన్ను డబ్బా మీద పడింది.

"డబ్బాల ఏముందక్కా? గింత పదిలంగ పట్టుకున్నరు?"

అబద్ధమాడలేను. "చెయ్యి" అన్నాను.

ఆమె కిటికీ వైపు జరిగిపోయింది. "ఎవలదే?"

"ఎవలది గాదమ్మా, ఇనుముది."

"గట్ల జెప్పరాదు ముందుగాల! నా పానం పోయింది." వెనక సీటులోని చెల్లెలితో తమ భాషలో ఏదో అంది. ఇద్దరూ ఎల్లారెడ్డి దాకా నవ్వుతూనే ఉన్నారు. తర్వాత జయరాజ్ వైపు తిరిగి, "అన్నా, నీ ఇనుప చెయ్యి నాట్లేస్తదా?" అంది.

జయరాజ్ నవ్వి తల అడ్డంగా ఊపాడు.

"కలుపు తీస్తదా? అన్నం వండుతదా? మరెందుకు జేసినవ్, ఉత్తగ?"

జయరాజ్ నా చెవిలో, "అక్కా, మేడం చెప్పొద్దన్నది గదా" అన్నాడు.

"చెయ్యి అన్న, అంతే. లోపల ఏమున్నదో చెప్పిన్నా?" అన్నాను.

మెదక్‌లో బస్సు పావుగంట ఆగింది. బస్టాండు బయటి బండి మీద ఇడ్లీ వేడిగా ఉంది, చట్నీలో కారం జాస్తి. దూరాన చర్చి శిఖరం కనబడగానే ఇద్దరం తలవంచి రెండు మాటలు ప్రార్థించుకున్నాం. నర్సాపూర్ అడవిలో కోతులు రోడ్డు అంచున వరసగా కూర్చుని, పరీక్షకు వచ్చిన అధికారుల్లా బస్సును చూశాయి. తండా ఆమె నర్సాపూర్ ఊళ్లో దిగుతూ, జాగ్రత్త చెప్తున్నట్టు, "చెయ్యి పైలం అక్కా" అంది. పదకొండు దాటాక జూబ్లీ బస్‌స్టేషన్ చేరాం. అక్కడి నుంచి ఏజెంటు ఆఫీసుకు ఆటో. ముందే కిరాయి మాట్లాడుకుని ఎక్కడం మంచిది.

ఆఫీసు సికింద్రాబాదులో ఒక పాత మేడ మీద. ఏజెంటు పేరు శైలజ. నడివయసు, నెమ్మది మనిషి. చెయ్యిని బల్ల మీద పెట్టించుకుని, టీ గ్లాసు పట్టించి, తీగ వదిలి చూసింది. గ్లాసు పడలేదు. "చాలా బాగుంది జయరాజ్ గారూ" అంది. మా వాడి చెవులు ఎర్రబడ్డాయి. కాగితాలన్నీ ఆమె ముందే సిద్ధం చేసి ఉంచింది. పంపేముందు అడగవలసినవి అడుగుతోంది.

"దీన్ని ఇంతకు ముందు ఎక్కడైనా పదిమందికి చూపించారా? ఎవరికైనా అమ్మారా?"

"లేదు మేడం" అన్నాడు జయరాజ్.

నాకు అప్పుడు గుర్తొచ్చింది. "కోత పండుగల ఇచ్చినం గదరా?"

"అది అమ్ముడు గాదక్కా. దేవునికి ఇచ్చినం."

శైలజ గారికి నేనే వివరించాను. కోత పండుగ నాడు మా సంఘంలో ప్రతివాళ్లూ తమ కష్టంలో మొదటిది తెచ్చి బలిపీఠం ముందు పెడతారు. వరి పన అంటే కోసి కట్టిన కట్ట, గుమ్మడికాయ, కోడిపుంజు, కుట్టుపని చేసేవాళ్లయితే మొదటి జాకెట్టు. పోయిన పండుగకు జయరాజ్ తాను చేసిన మొట్టమొదటి చెయ్యిని తెచ్చి పెట్టాడు. ఆరాధన అయ్యాక అన్నిటినీ వేలం పాడతారు. ఆ డబ్బు సంఘానికి.

ఆమె కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. "దేవుడికి ఇస్తే ఇబ్బంది లేదమ్మా. దేవుడి దగ్గర ఎవరు కొన్నారు?"

కొన్నది నారాయణరెడ్డి పటేల్. పక్క ఊళ్లో వరి, చెరుకు పండించే పెద్ద రైతు. మా సంఘం మనిషి కాదు, కానీ నాటుకోడి కోసం ప్రతి కోత పండుగకూ వస్తాడు. ఆ ఏడు కోడి వేరేవాళ్లకు పోయింది. వట్టి చేతులతో ఎందుకని ఇనుప చెయ్యిని పాడుకున్నాడు. శైలజ గారి మాట మీద ఫోన్ కలిపి, స్పీకరు పెట్టి, మేడం అడిగినవాటికి చెప్పమన్నాను.

"గా చెయ్యా టీచరమ్మా? మస్తు పనికొస్తుంది! బాయిల బకెట్ పడితే తాడు గట్టి ఇడుస్తున్నం. టక్కున పట్టుకుంటది."

"ఎంతమంది చూశారండీ దాన్ని?" అంది శైలజ గారు.

"ఎంతమందేంది మేడం, ఊరంత సూసింది. మా బర్లు సుత సూసినయ్. ఊకె అడుక్కపోతున్రని ఎల్లారెడ్డి వెల్డింగాయనతోని గసొంటివే ఇంక రెండు జేపిచ్చిన."

శైలజ గారి కలం ఆగిపోయింది. లోకంలో ఎవరికీ తెలియనిదైతేనే పేటెంటు. బావి గట్టు మీద ఊరంతా చూసి, వెల్డింగ్ షాపులో నకలు కూడా తీసినదానికి ఇక హక్కు అడగలేం అని ఆమె మెల్లగా చెప్పింది. జయరాజ్ అప్పుడు నవ్వలేదు. నేల చూస్తూ, "మొత్తం పాయెనా మేడం?" అన్నాడు. నాకు సునీత మొహమే కళ్లముందు.

ఫోన్ ఇంకా పెట్టెయ్యలేదు. శైలజ గారు మళ్లీ దాని మీదికి వంగింది. "పటేల్ గారూ, దానిలోపల చీల లాంటిది ఏమైనా ఉందా, కొంచెం చూస్తారా?"

"చీల లేదు గీల లేదు. గదే గద తక్కువ! తాడు జర సడలిందంటే బకెట్ బుడుంగుమని మళ్ల బాయిలనే పడ్తది. టీచరమ్మా, నీ తమ్మునికి జెప్పు, పైసలు తీస్కొని గిట్ల జారే సామాను అంటగడ్తరా అని!"

శైలజ గారు పకపకా నవ్వింది. ఆఫీసు మనిషి అలా నవ్వగా నేను చూడలేదు. "జయరాజ్ గారూ, ఆ చీల ఎప్పుడు పెట్టారు?"

"పండుగైనంక మేడం. షాపుల కరెంటు పోయి రింగు కిందవడి ఖరాబైంది. గప్పుడు పెట్టిన."

"చీల ఉన్నది ఎవరైనా చూశారా?"

"సునీత చూసింది. అక్క చూసింది. ఇప్పుడు మీరు."

"అయితే మూడు వేళ్లూ ఊరివి. చీల మీది" అంది ఆమె. పటేల్ చేత ఆ పాత చెయ్యిని నాలుగు వైపులా ఫోటో తీయించి తెప్పించుకుంది. దరఖాస్తు మొదటి నుంచి మళ్లీ రాయడానికి కూర్చుంది. మూడు వేళ్ల పద్ధతి ఇప్పటికే జనంలో ఉన్నదని అందులోనే ఒప్పుకుని, సడలినా వదలని ఆ చీల అమరికకు మాత్రమే హక్కు కోరింది. "మీరు దాచి ఉంటే ఈ మధ్యాహ్నమే పంపేసేదాన్ని. రేపు ఎవరో బావి దగ్గర ఫోటో తీసి పెడితే అంతా కూలిపోయేది" అంది.

మేం కింద మెస్సులో భోంచేసి వచ్చాం. పప్పుచారు బాగుంది, జయరాజ్ మాత్రం సగమే తిన్నాడు. సాయంత్రం ఆరింటికి దరఖాస్తు కంప్యూటరు మీద నుంచే చెన్నై ఆఫీసుకు వెళ్లింది. తెర మీద నంబరు పడింది. మామూలు మనుషులకు ఫీజులో చాలా తగ్గింపు ఉంది. చేతిపని తెలిసిన వాళ్లెవరైనా భయపడకుండా వెళ్లవచ్చు.

రాత్రి బస ఒక చర్చి అతిథి గృహంలో. మీ పాస్టరుగారితో ముందుగా ఫోన్ చేయిస్తే గది దొరుకుతుంది. శుభ్రంగా ఉంది, పంపులో నీళ్లు మాత్రం పొద్దున్నే పట్టుకోవాలి.

మర్నాడు తొమ్మిదిన్నరకు కంపెనీకి వెళ్లాం. కంపెనీ పేరు, అదుండే ఊరు ఇక్కడ రాయవద్దన్నారు. గేటు దగ్గరే ఫోన్లు తీసుకున్నారు. లోపల మనుషులు తక్కువ, రోబోలు ఎక్కువ. అవి ఒకదానికొకటి వస్తువులు అందించుకుంటుంటే, బడిలో మధ్యాహ్న భోజనం పళ్లేలు అందించుకునే పిల్లలు గుర్తొచ్చారు. ఒక ఇంజనీరమ్మాయి, మా చెల్లెలి కూతురంత వయసు, మా చెయ్యిని ఒక రోబోకు బిగించింది. పలచని రింగు పట్టించి మనిషెత్తు లేపి, మాకు చెప్పకుండానే కరెంటు తీసేసింది.

నేను కళ్లు మూసుకున్నాను. చప్పుడు వినబడలేదు. కళ్లు తెరిస్తే రింగు అక్కడే ఉంది.

"ఇంకోసారి" అందా అమ్మాయి. ఎన్నిసార్లు తీసినా పడలేదు. రింగును దీపం కింద తిప్పి తిప్పి చూసి, "గీత కూడా పడలేదు సార్" అని తన పెద్దాయనకు చెప్పింది. జయరాజ్ పనిని ఒకరు పెద్ద అధికారి ముందు పొగడటం అదే మొదటిసారి.

"ఈ రింగు దేనికి వెళ్తుందమ్మా?" అని అడిగాను.

"అది చెప్పకూడదు ఆంటీ" అంది, కాస్త బాధగానే.

ముందు పరీక్షకు కొన్ని చేతులు చేసి పంపమన్నారు. జయరాజ్ ఒకే ఒక్క మాట అడిగాడు: "బాన్సువాడలనే చేయొచ్చా సార్?"

"ఎక్కడ చేస్తే మాకేంటి, ఇలాగే ఉండాలి" అన్నాడాయన. గేటు దగ్గర ఫోను చేతికి రాగానే జయరాజ్ సునీతకు చేశాడు. "ఇంటికే వస్తున్న" అన్నాడు. అవతల నుంచి ఏడుపో నవ్వో, నాకు తెలియలేదు.

రెండు గంటల బస్సులో కిటికీ పక్క సీట్లు దొరికాయి. మెదక్ దాటాక జయరాజ్ తనంతట తాను మాట్లాడాడు. అది అరుదు.

"అక్కా, దేవునికి జారే చెయ్యి ఇచ్చిన చూడు. నాకు గదే మనసుల పీకుతుంది."

"నీకు అప్పుడు వచ్చినదాంట్ల మంచిదే ఇచ్చినవ్ గదరా."

"పటేల్‌కు చీల పెట్టి కొత్తది చేసిస్త. ఇగ చూపెట్టొచ్చు గదా?"

"చూపెట్టు. కోడి మాత్రం ఇయ్యకు" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం.

మొదటి పన దేవునిది, మిగిలిన చేను రైతుది. ఇచ్చిన పనను మళ్లీ అడుక్కునే రైతును నేను చూడలేదు. ఆ మూడు వేళ్లు ఊరికి పోయాయని సికింద్రాబాదులో మాకు నష్టంలా తోచింది. బస్సు చెరుకు తోటల మధ్యకు వచ్చేసరికి, అవి చేరవలసిన చోటికే చేరాయనిపించింది.

చెన్నైలో దరఖాస్తును పరిశీలించే అధికారి ఇంకా చూడలేదు. దానికి చాలాకాలం పట్టవచ్చట. అందుకే చదివే మీరు కూడా ఒక్క నిమిషం ఆగి, మాతో కలిసి ఇలా అడగండి: ప్రభువా, మా చేతుల పనిని స్థిరపరచు. నిజం చెప్పిన నోటిని సిగ్గుపడనీయకు. ఈ ఇనుప చెయ్యి పట్టుకునే రింగులు ఎక్కడ ఎగురుతాయో మాకు తెలియదు, నీకు తెలుసు. అవి ప్రాణాలు కాచే చోటే ఎగరనీ. మేము నీకు ఇచ్చినదాన్ని తిరిగి లెక్కపెట్టని మనసు మాకు ఇయ్యి. ఆమేన్.