నూతి అడుగు మట్టి

మొన్న మా వీధిలో మురుగుకాలువ పూడిక తీశారు. గట్టున పోసిన నల్లటి బురద నుంచి కుళ్లిన గుడ్ల కంపు ఇల్లంతా కమ్ముకుంది. కోడలు కిటికీలు మూసేసింది. నేను మాత్రం వరండాలోంచి కదల్లేకపోయాను. ఆ వాసన ఎక్కడ పుడుతుందో నాకు నేర్పిన మనిషి అనసూయమ్మగారు.

పందొమ్మిదివందల యాభైల తొలినాళ్లలో డిగ్రీ పూర్తిచేసి, అమలాపురంలో నేలల మీద పరిశోధన చేస్తున్న ఆవిడ దగ్గర శిక్షణకి చేరాను. ముమ్మిడివరం వైపు పల్లపు చేలల్లో వరి ఎర్రబడి, ఎదగకుండానే చచ్చిపోయేది. కారణం వెతకడం మా పని. మొదటిరోజే నన్ను మోకాలిలోతు బురదలో దింపి, గుప్పెడు మట్టి నా ముక్కు దగ్గర పెట్టారు. “పైరుకి జింకూ రాగీ చిటికెడు చాలు బాబూ. ఆ చిటికెడూ ఈ నేలలో ఉంది. గాలాడని బురదలో సూక్ష్మజీవులు పుట్టించే ఈ వాయువు దాన్ని కట్టిపడేస్తుంది. ఎదురుగా అన్నం ఉండీ ఆకలితో చావడమే,” అన్నారు. మట్టి పరీక్షలో తప్పొస్తే మళ్లీ మొదటినుంచి చేయించేవారు. కోప్పడేవారు కాదు, అయ్యేదాకా పక్కనే నిలబడేవారు.

ఆ వేసవిలో ఒక చేను పక్కన పాడుబడ్డ నుయ్యి కనబడింది. ఏళ్ల తరబడి కొబ్బరి పీచు డొక్కలు పారేయగా కుళ్లి, నీళ్లు అడుగంటి ఉంది. అంత పాత బురదలో లోహాలు ఏమవుతాయో చూడాలని ఆవిడకి ఎప్పటినుంచో ఆశ. నూతులు బాగుచేసే నూకరాజుని పిలిపించాం. ముందు దీపం దింపి చూద్దామన్నాడు; లోపలి గాలి చెడ్డదైతే అది ఆరిపోతుంది. అప్పటికే మబ్బు పట్టింది.

“వానొస్తే నిండిపోతుంది నూకరాజూ. దీపం తెచ్చేదాకా ఆగలేం. ఒక్క డబ్బా మట్టి చాలు, దిగెయ్యి,” అన్నారు అనసూయమ్మగారు.

“ఆయ్, అలాగేనండి అమ్మగారూ,” అని దిగాడు.

మట్టి నింపిన డబ్బా తాడుకి కట్టాడు. నేను పైకి లాగుతుండగానే కింద ఏదో కూలిన చప్పుడైంది. పిలిస్తే పలకలేదు. నేను నూతి గట్టెక్కి దిగబోతే ఆవిడ రెండు చేతులతో నా చొక్కా పట్టేసుకున్నారు. “వద్దు. నువ్వు దిగితే నువ్వూ రావు,” అన్నారు. ఊళ్లోవాళ్లు గాలం వేసి తీసేసరికి అతనిలో ప్రాణం లేదు. చేలల్లో మేం వెతుకుతున్న వాయువే అతన్ని చంపింది.

విచారణకి వచ్చిన అధికారి ఆవిడకి తప్పించుకునే దారి చూపించాడు. “కాలు జారి పడ్డాడనండి, సరిపోతుంది. ఇంత పరిశోధన మధ్యలో ఉంది కదండీ.” నూకరాజు భార్య గుమ్మం దగ్గర చంటిపిల్లతో కూర్చుని వింటోంది.

“జారలేదండి. దీపం దింపుదామన్నాడు. నేనే ఆగనివ్వలేదు. నేనే దిగమన్నాను,” అన్నారు అనసూయమ్మగారు, ఆమె వైపే చూస్తూ. ఆమె ముఖం తిప్పేసుకుంది.

ఆవిడ ఉద్యోగం పోయింది. వెళ్లేముందు ఆ డబ్బా నా చేతిలో పెట్టి, “పారెయ్యకు. పని పూర్తిచెయ్యి. మట్టి తెచ్చింది ఎవరో మాత్రం రాయి,” అన్నారు. పూర్తిచేశాను. ఆవిడ అనుకున్నదే నిజమైంది. జింకంతా పైరుకి అందని రూపంలోనే ఉంది. ఆ కబురు చెబుదామని కొత్తపేటలో ఆవిడ ఉంటున్న అన్నగారింటికి వెళ్లాను. అంతా విని, “అతని పిల్ల ఎలా ఉందయ్యా?” అని అడిగారు. ఆ సంగతి నేను కనుక్కోనేలేదు. ఆవిడ మళ్లీ ఏ పరిశోధనశాలలోనూ అడుగుపెట్టలేదు.

తర్వాత నేను ఎందరికో ఈ పని నేర్పాను. మా పరిశోధన పత్రాల్లో అందరూ రాసే వాక్యం ఒకటుంది: “మట్టి సేకరించబడినది.” ఎవరు దిగారో, ఎవరు దిగమన్నారో అందులో ఉండదు. విద్యార్థులు అలా రాసుకొస్తే, ఆ వాక్యం కొట్టేసి, పక్కన “ఎవరు?” అని రాసి వెనక్కి ఇచ్చేసేవాణ్ణి.