బాబాయి వదిలేసిన మాట

పొద్దున్న పక్క క్వార్టరు సూరమ్మ పిన్నికి తోడుగా రాయపూర్ పెద్దాసుపత్రికి వెళ్లాను. ఆమెకు గొంతులో పుండు, ఎన్ని మందులు వాడినా మానడం లేదు. మాతో వచ్చిన ఆమె భర్త అప్పన్న బాబాయి రైల్వే సిగ్నల్ కేబిన్‌లో పనిచేస్తారు. రైళ్ల గురించి ఫోనులో వచ్చిన కబురును పొల్లుపోకుండా తిరిగి అప్పజెప్పడం అక్కడి పద్ధతి. ఆ అలవాటుతోనే బాబాయి, డాక్టరు హిందీలో చెప్పిన ప్రతి మాటనూ అక్కడికక్కడే హిందీలోనే తిరిగి చెప్పారు. డాక్టరు విసుక్కున్నా మానలేదు. డాక్టరు బొంబాయి వెళ్లాలన్నారు, రేడియం వైద్యం చేయించాలన్నారు, బాబాయి అన్నీ అప్పజెప్పారు. "కేన్సర్" అన్నప్పుడు మాత్రం బాబాయి నోరు మెదపలేదు.

ఇంటికొచ్చాక పిన్నికి అంతా తెలుగులో వరసగా చెప్పి, డ్యూటీకి వెళ్లిపోయారు. నేను మజ్జిగ కలిపి ఇస్తుంటే పిన్ని నా చెయ్యి పట్టుకుంది.

"నాకు హిందీ రాదు గానీ, మా ఆయన ఏ మాటా ఒగ్గేయడమ్మా. ఇయ్యాల డాక్టరుబాబు అన్న మాటొకటి ఒగ్గేసినాడు. అదేటి?"

పొయ్యి మీద అన్నం మాడిపోతుందని చెప్పి వచ్చేశాను. మా ఇంట్లో పొయ్యి ఇంకా వెలిగించనేలేదు.

రేపు మళ్లీ అడుగుతుంది. ఆవిడా వదిలే మనిషి కాదు. మీరైతే ఏం చెబుతారు?